తలుపు కొడుతున్న నంబరు

ఇల్లు, మేడ మీది గది
మంగళవారం

పిచ్చుకా,

క్షేమమా అని అడిగే ఓపిక లేదు, ఏమీ అనుకోకు. నువ్వు మెట్ల కింద బిగించి వెళ్ళిన మెషీను మొన్నటి నుంచి నన్ను లోపలికి రానివ్వడం లేదు. పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటుంది. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ, వేలు పెట్టి నొక్కుతూ మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పే. ఆ తర్వాత అసలు కొట్టనివ్వనే లేదు, కాసేపు ఆగి రమ్మంది. కాసేపు ఆగి వెళ్తే అదే పాట. దానికి తోడు తెర పైన ఎర్ర పట్టీ ఒకటి వచ్చింది. స్టోరేజీ నిండిపోయిందట.

గేటు దగ్గర ఎవరు నిలబడినా, మా కంప్యూటర్ల జోలికి ఎవరు వచ్చినా చూసి రాసిపెట్టేది అదొక్కటే కదా. ఇది బోర్డు లేని ఇల్లు. మొగుళ్ళ దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు తల దాచుకునే ఇల్లు. ఒకప్పుడు నేనూ అలా వచ్చినదాన్నే, ఇప్పుడు దీన్ని చూసుకునే పని నాది. ఆ మెషీనుకి ఇప్పుడు కళ్ళు ఉన్నాయో లేవో కూడా నాకు తెలియడం లేదు. గేటు చప్పుడైతే చాలు, ఇంటిల్లిపాదీ బిగుసుకుపోతున్నాం. ఇక్కడే ఉంటున్న టైలరమ్మ తన పిల్లలిద్దరినీ పెరటి వైపు గదిలోకి మార్చేసింది. ఆవిడ మొగుడు ఆవిడ కోసం ఊళ్ళు గాలిస్తున్నాడని క్లినిక్కులో డాక్టరమ్మకి కబురు వచ్చిన దగ్గర్నుంచి కుట్టుమిషను తొక్కడం కూడా మానేసింది, చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుందని.

నా భయం వేరు, నీకు తెలుసు. నేనిక్కడున్నానని తెలిసిన బయటి మనిషివి నువ్వొక్కదానివే. ఆ ఇంటి గడప దాటించి, బస్సెక్కించి, డాక్టరమ్మ చేతిలో పెట్టింది కూడా నువ్వే. మీ అన్నయ్యకి తెలిసే దారి ఏదీ లేదు కదా? ఇప్పుడెక్కడున్నాడు? ఇంకా ఆ ఫోన్లు బాగుచేసే షాపులోనేనా? జవాబులో ఇంకేం మరిచిపోయినా ఈ ముక్క మాత్రం మరిచిపోకు.

ఫోన్ చేద్దామని చెయ్యి వెళ్ళింది, ఆగిపోయింది. ఎవరి ఫోనైనా చిటికెలో విప్పి అందులో ఉన్నవన్నీ చదివేసే మనిషి అతను. మనకి కాగితమే మేలు. ఎప్పటిలాగే డాక్టరమ్మ దీన్ని క్లినిక్కు కవరులో పెట్టి నీ ఆఫీసుకి పంపుతుంది. నువ్వు కూడా ఆవిడ క్లినిక్కుకే రాయి.

నీ వదిన


ఆఫీసు, కిటికీ పక్క బల్ల
సోమవారం

వదినా,

ముందు కాసిని మంచినీళ్ళు తాగు. నీ ఉత్తరంలో అక్షరాలు కూడా వణుకుతున్నాయి. అయినా నువ్వు బిగించి వెళ్ళిన మెషీను అంటావేంటి? బాగా నడిచినన్నాళ్ళూ అది నీది, మొరాయిస్తే నాదీనా?

దానికేమీ దయ్యం పట్టలేదు. చెబుతాను, విను. అందులో ఒక్క ప్రోగ్రాం కాదు, నాలుగైదు ఉన్నాయి. ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో విడిగా పెట్టాను. మేం కంటైనర్ అంటాం, నువ్వు డబ్బా అనుకో. గేటు కెమెరా బొమ్మలు పట్టేది ఒక డబ్బా. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అని రాసేది ఇంకో డబ్బా. పాస్‌వర్డ్ అడిగి తలుపు తీసేది మరోటి. ఈ తలుపు తీసేది నిన్ను లోపలికి పంపే ముందు, ఫలానా మనిషి వచ్చిందని రాసుకోవాలి. రాయడానికి చోటు లేకపోతే పంపదు. చోటు లేదని ఒప్పుకోవడం మాత్రం దానికి చేతకాదు, పాస్‌వర్డ్ తప్పని నీ మీదే విరుచుకుపడుతుంది. మా మేనేజరు కూడా అచ్చం ఇంతే.

కాబట్టి జబ్బులు రెండు కావు, ఒకటే. నన్ను తొలుస్తున్నది ఇంకోటి. నేను ఇచ్చిన చోటు ఇంత తొందరగా నిండకూడదు. ఏదో ఒకటి దాని చేత ఆగకుండా రాయిస్తోంది. అదేంటో చూడాలి. ఈ కాగితం వెనక రెండు వరుసలు రాశాను, ఈ పాస్‌వర్డ్ అక్కర్లేని ఆ నల్ల తెర తెరిచి అవి ఉన్నవి ఉన్నట్టు కొట్టు. ఏ డబ్బా ఎంత మింగిందో చూపిస్తుంది. చూసి నాకు రాయి, అంతవరకే. ఏదీ తుడిచెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు, చీపురు కనిపిస్తే నీ చెయ్యి ఊరుకోదు. వెళ్ళినవాళ్ళ గుర్తులన్నీ తుడిచేసే మీ ఇంటి శుభ్రం మనుషుల వరకూ సరే, దీనికి పనికిరాదు. దీని ప్రాణమంతా దాచుకోవడంలోనే ఉంది.

అన్నయ్య సంగతికేముంది, ఎక్కడో ఉంటాడు. నువ్వు ఆ దిగులు పెట్టుకోకు. ఇక్కడ చలి మొదలైంది. మా పై వాటావాళ్ళు కుక్కని తెచ్చుకున్నారు. మూతి నల్లగా, ఒళ్ళు తెల్లగా, ఎవరో మసి పూసి వదిలేసినట్టు ఉంటుంది. నన్ను చూస్తే తోక ఊపుతుంది. మా వాటాలో మిగతావాళ్ళని చూస్తే మాత్రం గొంతు చించుకుంటుంది. దానికి నేను అంటే ఎందుకంత ఇష్టమో ఇంకా తేల్చుకోలేదు, బహుశా నాలాగే అదీ నోరు మూసుకోలేదు కాబట్టేమో.

భయపడకు. నేనున్నాను.

నీ పిచ్చుక


ఇల్లు, మేడ మీది గది
ఆదివారం

పిచ్చుకా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అప్పటికే నేను తుడిచేశాను.

తిట్టు, పడతాను. ముందు ఎందుకు చేశానో విను. మా ఇంటి పద్ధతి నీకు తెలుసు. ఎవరైనా ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే ఆ పూటే దుప్పటి ఉతికేస్తాం, గ్లాసు మార్చేస్తాం, దువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలు కూడా తీసి పారేస్తాం. రేపు ఎవడో వచ్చి ఫలానా ఆవిడ ఇక్కడ ఉండేదా అని నిలదీస్తే, ఉండేదని చెప్పే వస్తువు ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ ఎర్ర పట్టీ చూస్తుంటే నాకు అదే తోచింది. ఇంతమంది ఆడవాళ్ళ రాకపోకలన్నీ అందులో మూటగట్టి ఉన్నాయి, ఎవడైనా లోపలికి దూరితే అందరూ ఒక్కసారే దొరికిపోతారు. నువ్వు మొదట్లో ఇచ్చిన కాగితంలో, అన్నీ తీసేసి మళ్ళీ కొత్తగా పెట్టుకోవాలంటే ఇది కొట్టు అని ఒక వరుస ఉంది కదా. అది కొట్టాను.

కొట్టే ముందు నల్ల తెర మీద దాని రాతలు పరుగులు పెట్టడం కళ్ళారా చూశాను. ఒకటే వరుస, దాని కింద మళ్ళీ అదే. ఎవరో లోపలికి రావాలని చూశారు, పాస్‌వర్డ్ తప్పు. ఎవరో లోపలికి రావాలని చూశారు, పాస్‌వర్డ్ తప్పు. ఎంతసేపు పైకి జరిపినా తెగలేదు. ప్రతి వరుస చివరా ఒకే నంబరు, చుక్కలతో. అది మాత్రం రాసుకున్నాను, ఈ కాగితం వెనక ఉంది చూడు. మేం అన్నం తింటున్నప్పుడు, పిల్లలకి తల దువ్వుతున్నప్పుడు, అన్ని వేళలా ఎవరో మా తలుపు కొడుతూనే ఉన్నారన్న మాట.

తుడిచాక చోటు వచ్చింది. ఎర్ర పట్టీ పోయింది. హమ్మయ్య అనుకుని నా పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ తప్పంది. ఏం చెయ్యాలో తోచక, నువ్వు వచ్చినప్పుడు పెట్టిన పాత పాస్‌వర్డ్ కొట్టాను, నేను ఎప్పుడో మార్చేసినదాన్ని. తలుపు తీసింది. పాస్‌వర్డ్ వెనక్కి ఎవరు మార్చారు? నేను ముట్టుకోలేదు. మళ్ళీ మార్చాలన్నా చెయ్యి రావడం లేదు, ఇంకేం చెడగొడతానోనని. నువ్వు చెప్పేదాకా దాని జోలికి వెళ్ళను.

ఒక్క మంచి మాట. నేను తుడిచిన దగ్గర్నుంచి ఆ కొట్టడం ఆగిపోయింది. కొత్త రాతలన్నీ వెతికాను, నేను కొట్టినది తప్ప పాస్‌వర్డ్ తప్పు అన్న మాట ఇంకొక్కటి లేదు. విసుగెత్తి వదిలేసి ఉంటాడు. ఈ మాట చెప్పగానే టైలరమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇవాళ మళ్ళీ మిషను ఎక్కింది. పిల్లల్ని గేటు దాకా పోయి ఆడుకోనిచ్చాం. నేను కూడా ఎన్నాళ్ళకో గేటు బయటికి వెళ్ళి, ఎదుటి సైకిల్ షాపు తెరవడం చూస్తూ కాసేపు ఎండలో నిలబడ్డాను. ఒళ్ళు వెచ్చగా, ఎంత బాగుందో చెప్పలేను.

ఇంకో మాట. కుక్క మూతి దగ్గర్నుంచి తోక దాకా రాశావు. మీ అన్నయ్య గురించి, ఎక్కడో ఉంటాడని తేల్చేశావు. నాకు నచ్చలేదు పిచ్చుకా. నువ్వు అబద్ధం చెప్పవు, మాట దాటేస్తావు. నన్ను దాటెయ్యకు.

నీ వదిన


ఆఫీసు, పాత ఫైళ్ళ గది, తలుపు వేసుకుని
శుక్రవారం

వదినా,

ఇది నీకు అందేసరికి మీరందరూ ఆ ఇంట్లో ఉండకూడదు. ఫోన్ చెయ్యకూడదన్న మాట నేనే తప్పాను, ఆఫీసు ఫోను నుంచి డాక్టరమ్మకి చేశాను. అందరూ వెంటనే బయల్దేరాలి అని మాత్రం చెప్పగలిగాను. ఎందుకని అడిగితే ఫోన్లో చెప్పలేనన్నాను. కాగితం మీద రాసి ఉంచు, సాయంత్రం నర్సుని పంపుతాను, ఆమెకి ఇవ్వు అంది.

నువ్వు రాసిన నంబరు మా ఇంటిది.

చూడగానే గుర్తుపట్టాను. అయినా నమ్మలేక ఇక్కడి కంప్యూటర్లో సరిచూశాను. మా ఇంటి నెట్ కనెక్షన్ నంబరే. ఇంకెవరిదీ కాదు.

అన్నయ్య నా దగ్గరే ఉన్నాడు వదినా. వానలు వెనకపట్టిన రోజుల్లో వచ్చాడు. షాపు మూతపడిందన్నాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు, తలుపు మూయలేకపోయాను. నీకు రాస్తే నీ కంటి మీద కునుకు ఉండదని రాయలేదు. ఎలాగూ పంపించేస్తాను, పంపించాక రాద్దాంలే అనుకున్నాను. అతను పోలేదు.

ఊసుపోవడం లేదంటే నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. నీ మెషీను బిగించింది దానితోనే. డాక్టరమ్మ క్లినిక్కు నుంచి గేటు చూడాలంటే బయటి నుంచి ఒక దారి పెట్టాను కదా. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి, గేటు బొమ్మ చూపే చిన్న ప్రోగ్రాం ఒకటి అందులో వేశాను. తియ్యడం మరిచిపోయాను. లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా అది తనంతట తానే లేచి, దాచుకున్న పాత పాస్‌వర్డ్‌తో మీ తలుపు కొడుతుంది. నువ్వు పాస్‌వర్డ్ మార్చావు కాబట్టి తియ్యదు. అది మళ్ళీ కొడుతుంది. కొట్టిన ప్రతిసారీ మీ మెషీను ఒక వరుస రాసుకుంటుంది. చోటు నిండింది అలాగే. నిన్ను కాసేపు ఆగి రమ్మన్నదీ అందుకే, ఎవరో పదే పదే తప్పు కొడుతున్నారని ఎవరినీ రానివ్వకుండా గడియ పెట్టుకుంది. అన్నాళ్ళూ అన్నయ్యకి తెర మూలన చిన్న నల్ల గడి తప్ప ఏమీ కనిపించి ఉండదు.

నువ్వు అన్నీ తీసేసి కొత్తగా పెట్టావు. నువ్వు మార్చిన పాస్‌వర్డ్ ఆ డబ్బాతోనే పోయింది. కొత్త డబ్బాకి నేను పెట్టిన పాతదే తెలుసు. ఎవరూ వెనక్కి మార్చలేదు. కొట్టడం ఆగిపోయిందని మురిసిపోయావు కదా. తలుపు తెరుచుకుంది కాబట్టి ఆగింది, వదినా.

నీ ఉత్తరం చదివి, ఒంట్లో బాగా లేదని చెప్పి ఇంటికి పరిగెత్తాను. తలుపుకి తాళం కూడా లేదు. అన్నయ్య లేడు. అతని సంచీ లేదు. బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. మీ గేటు, దాని అవతల సైకిల్ షాపు బోర్డు, బోర్డు మీద ఫోను నంబరు, అన్నీ నా ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి. బొమ్మ కదలడం లేదు. వెనక్కి తిప్పి, ఒకచోట ఆపి, పెద్దది చేసి పెట్టుకున్నాడు. నువ్వు గేటు ముందు ఎండలో నిలబడి ఉన్నావు. నవ్వుతున్నావు.

ఆ ప్రోగ్రాం తీసేసి, మీ గేటు వైపు ఉన్న దారి మూసేసి, మళ్ళీ ఆఫీసుకే పరిగెత్తుకొచ్చాను. ఇప్పుడు మూసి ఏం లాభం, ఆ షాపు నంబరుకి ఫోన్ చేస్తే ఊరు తెలిసిపోతుంది. పొద్దున్నే బయల్దేరి ఉంటే బస్సులో మధ్యాహ్నానికల్లా మీ ఊళ్ళో ఉంటాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. రోజూ సాయంత్రం నా ఫోను తీసుకుంటాడు, చార్జింగ్ పెడతానని. పొద్దున లేచేసరికి నిండా చార్జింగుతో నా తలగడ పక్కన ఉంటుంది. నేను ఎవరితో ఏం మాట్లాడానో నాకంటే అతనికే బాగా గుర్తు. ఆఫీసు నుంచి కాస్త ఆలస్యమైతే మెట్ల మీద నిలబడి ఉంటాడు. ఏమీ అనడు, నవ్వుతాడు. అన్నయ్యే కదా, నా మీద ఉన్న ఆపేక్ష అనుకున్నాను. ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి నా అడుగు నెమ్మదిస్తుంది. అదెందుకో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు.

ఇవాళ మా ఆఫీసు అమ్మాయి దగ్గర పడుకుంటాను. రేపు సాయంత్రం ఇంటికి వెళ్తాను. అతను వచ్చాక కూర్చోబెట్టి మాట్లాడతాను. ఎంతైనా చెల్లెల్ని, నా మాట వింటాడు.

క్షమించమని అడగను. బతికి ఉన్నానని ఒక్క ముక్క రాయి.

నేనే


ఊరు రాయడం లేదు
శనివారం పొద్దున

పిచ్చుకా,

బతికే ఉన్నాం. అందరం.

డాక్టరమ్మ ఫోన్ వచ్చేసరికి పిల్లలు అన్నాల ముందు ఉన్నారు. కంచాలు అలాగే వదిలేసి లేచాం. పెరటి సందులోకి వ్యాను వచ్చింది. అందర్నీ ఎక్కించి, మెషీను ఊడదీద్దామని నేను మెట్ల కిందికి వెళ్ళాను. అప్పుడు తెర మీద మీ అన్నయ్యని చూశాను.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. చేతిలో పండ్ల సంచీ. ఎదుటి సైకిల్ షాపాయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. ఆయనా నవ్వుతూ చెయ్యి చాపి మా గేటు చూపిస్తున్నాడు. ఆయన తప్పేం లేదు. అలా నవ్వే మనిషి అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. నేనూ ఒకప్పుడు ఆ నవ్వు చూసే కదా మీ ఇంటికి వచ్చాను.

వైరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టైలరమ్మ వ్యాను దిగి వచ్చి, ఒక చేత్తో మెషీను లాక్కుని, ఇంకో చేత్తో నా రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. తన మొగుడు వస్తాడని ఇన్నాళ్ళు వణికిన మనిషి, వచ్చినవాడు నా మొగుడని తెలిశాక నాకంటే ముందు తేరుకుంది. మేం సందు మలుపు తిరుగుతుంటే గేటు చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ పోలీసులకి చెప్పింది. వాళ్ళు వచ్చేసరికి అతను లేడు. పండ్ల సంచీ గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడట.

నీ మీద కోపం లేదంటే అబద్ధం. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో పెట్టుకుని, నాకు కుక్క కబుర్లు రాశావు. ఆ కోపం ఎప్పుడైనా తీరిగ్గా తీర్చుకుంటాను. ఇప్పుడు నా భయమంతా నీ కోసం.

నీ ఉత్తరంలో డబ్బాల సంగతి ఒక్కసారి చదివాను. ఫోను సంగతి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నా ఫోనుకి కూడా చార్జింగ్ అతనే పెట్టేవాడు. మొదట్లో అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని, మా ఆయనకి నా మీద ఎంత శ్రద్ధో అని. మెట్ల మీద నిలబడి నవ్వే నవ్వు కూడా నాకు తెలుసు. ఆ నవ్వు తర్వాత ఏం వస్తుందో నీకు చెప్పకుండా దాచాను, నీ అన్నయ్య కదా, నీ మనసు విరిగిపోతుందని. చెల్లెలివని నీ దగ్గర ఆగుతాడనుకోకు. అతను వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. ముందుగా చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కదానివేనని అతనికి తెలుసు. ఖాళీ చేతులతో నీ ఇంటికే వస్తాడు, ఈ పాటికి వచ్చి ఉంటాడు కూడా. కూర్చోబెట్టి మాట్లాడతావా? నేను ఎన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడానో!

అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. తెచ్చిన నర్సు కింద వ్యాన్లోనే ఉంది. చదవగానే లేచి ఆమెతో వచ్చేయి. ఇంటికి వెళ్ళకు. బట్టల కోసం వద్దు, సర్టిఫికెట్ల కోసం అసలే వద్దు, అవి మళ్ళీ తెప్పించుకోవచ్చు. ఫోను ఆఫ్ చెయ్యకుండా నీ బల్ల సొరుగులో పడేసి రా. అది ఆఫీసులోనే ఉన్నంతసేపూ నువ్వూ అక్కడే ఉన్నావనుకుంటాడు. మేనేజరుతో టీ తాగి వస్తానని చెప్పు. నర్సు నిన్ను ఏమీ అడగదు. ఎక్కడికి వెళ్తున్నామని నువ్వూ అడగకు.

ఇన్నాళ్ళూ ఈ మాటలు ఎవరెవరికో చెప్పాను. నీకు చెప్పాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. రా తల్లీ. నా పక్కన మంచం ఖాళీగా ఉంది.

మెట్లు దిగేటప్పుడు పరిగెత్తకు, చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది. వ్యాను కదిలాక ఏడవచ్చు. మేమందరం అందులోనే ఏడ్చాం.

నీ వదిన